జంగల్లో ఏముంది, దుల్హన్ పాషా?



పోయిన ఇత్వార్ మా ఇంట్లో దావత్. దస్తర్‌ఖాన్ మీద బగారా ఖానా, దాల్చా ఇంకా సగం కూడా అవలేదు. మా పెద్దమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది కదా, ఇక ఏం చదివిద్దామనే మాట వచ్చింది. సిద్దిపేట జిల్లా ములుగు ఫారెస్ట్ కాలేజీలో బీఎస్సీ ఫారెస్ట్రీ చదువుతానని అదే చెప్పింది. అంతే. మా జేఠ్ గారు చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని నా వైపు తిరిగారు.

"జంగల్లో ఏముంది, దుల్హన్ పాషా? కాశ్మీర్ తీసుకెళ్ళి కొండలెక్కించావు. ఇప్పుడు చూడు. షరీఫ్ ఘరానా ఆడపిల్లలు జంగల్లో తిరుగుతారా?"

పెద్దాయన. ఆయన ముందు నోరెత్తే అలవాటు నాకు లేదు. దాల్చా వడ్డించి లోపలికి వచ్చేశాను. కానీ ఆ సవాల్ చేప ముల్లులా గొంతులోనే ఉండిపోయింది. అందుకే జవాబు ఇక్కడ రాస్తున్నా. ఆయన ఒక్కరికే కాదు. ఈ మాట మన ఇళ్ళల్లో నానాలు, మామూలు, ఖాలాలు, ఆఖరికి పాతికేళ్ళ కుర్రాళ్ళు కూడా అంటున్నారు. ఇంట్లో ఆడపిల్లకు చెట్టంటే, జంతువంటే మొహబ్బత్ ఉందని తెలిసిన రోజే అంటున్నారు.

కొండలెక్కించావు అన్నది 2024 అక్టోబర్ సంగతి. మన మహబూబ్‌నగర్ నుంచి కాశ్మీర్ వెళ్ళే కుటుంబాలన్నీ చేసేదే మేమూ చేశాం. ప్యాకేజీ. గుల్‌మర్గ్ ఒక రోజు, పహల్గామ్ ఒక రోజు, సోన్‌మర్గ్ ఒక రోజు, డాల్ లేక్‌లో షికారా, ఫెరన్ వేసుకుని తలా ఒక ఫోటో, ఆఖరున జాఫ్రాన్, అఖ్రోట్, శాల్వాల షాపింగ్. ఒక్క రోజు తగ్గించి దాచీగామ్‌కు ఇమ్మని మా పెద్దది పట్టుబట్టింది. ట్రావెల్స్ అతను "అదేంటి మేడమ్, అక్కడ పాయింట్ ఏముంది?" అన్నాడు. మా జేఠ్ గారి సవాల్‌కూ ఇతని సవాల్‌కూ పెద్ద ఫరఖ్ లేదు చూడండి.

ఆ అడవి శ్రీనగర్‌కు 22 కిలోమీటర్లు. 141 చదరపు కిలోమీటర్ల నేషనల్ పార్క్. కింది భాగం పదహారు వందల మీటర్ల ఎత్తు దగ్గర మొదలై పైన నాలుగు వేల మీటర్లు దాటుతుంది. దాని మధ్యలో దగ్వాన్ అనే వాగు పారుతుంది. ఆ నీళ్ళే హర్వన్ జలాశయానికి వచ్చి శ్రీనగర్ జనం దాహం తీరుస్తాయి, అవే తేల్‌బల్ వాగుగా మారి డాల్ లేక్‌లో కలుస్తాయి. షికారా ఎక్కి ఫోటో దిగిన మన వాళ్ళందరూ ఆ అడవి నీళ్ళ మీదే తేలారు. అయినా పైన అడవి ఒకటుందని మనలో నూటికి ఒక్కరికైనా తెలుసా?

పర్మిట్ ముందు రోజే తీసుకున్నాం. తెల్లారి గేటు దగ్గరికి వెళ్ళేసరికి మన వైపు వాళ్ళదే ఒక గుంపు సిపాయితో గొడవ పడుతోంది. వాళ్ళకు పర్మిట్ లేదు. "హమ్ భీ ముసల్మాన్ హై భాయ్, జరా ఛోడ్ దో" అంటున్నారు. ఆ సిపాయీ ముసల్మానే, లోపల ఉన్న జింకకు మాత్రం ఎవరు ఏ మజ్హబో తెలియదు. నాకు సిగ్గేసింది. వాళ్ళు తెలుగులో తిట్టుకుంటూ వెనక్కి పోతుంటే మా చిన్నది నా చెవిలో "అమ్మీ, మనం మరాఠీ వాళ్ళమని చెబుదామా?" అంది.

గైడ్ ఒక చాచా. తెల్ల గడ్డం, చేతిలో కర్ర, నోట్లోంచి మాట రావడం కష్టం. మొదట చెప్పింది ఒక్కటే: గట్టిగా మాట్లాడొద్దు. వాగు పక్కనే దారి. చినార్లు, అఖ్రోట్ చెట్లు, మల్బరీ, పైకి పోయే కొద్దీ దేవదారు జాతి చెట్లు. అక్టోబర్ కదా, ఆకులన్నీ పసుపు, ఎరుపు. ఒక చెట్టు మాను మీద ఐదు గీతలు చూపించాడు. ఎలుగుబంటి గోళ్ళు. చలికాలం నిద్రకు పోయే ముందు అది అఖ్రోట్ కోసం చెట్లెక్కుతుందట. గీతల మీద వేలు పెట్టి చూసింది మా పెద్దది. అది చిన్నప్పుడు కురాన్ షరీఫ్‌లో ఒక్కో హర్ఫ్ కింద వేలు పెట్టి చదివినట్టే అనిపించింది నాకు. ఈ మాటకు కూడా ఎవరైనా నన్ను కోప్పడతారేమో. పడనివ్వండి.

తొమ్మిది గంటలప్పుడు ఆ అరుపు వినబడింది. ఏళ్ళుగా తెరవని పెద్ద దర్వాజాను ఎవరో నెమ్మదిగా తోస్తున్నట్టు, లోయంతా నిండిపోయే అరుపు. చాచా చెయ్యి ఎత్తి మమ్మల్ని ఆపేశాడు. హంగుల్. కాశ్మీరీ బారాసింగా. దాని జతకట్టే మౌసమ్ అదే, మగది ఆడవాటిని పిలుస్తోంది, పక్క మగవాటిని హెచ్చరిస్తోంది. ఇరవై నిమిషాలు అలాగే నిలబడ్డాం. వాగుకు అవతల పొదల్లోంచి అది బయటికి వచ్చింది. కొమ్ములకు ఎన్ని కొనలున్నాయో లెక్కపెట్టేలోపే మళ్ళీ లోపలికి పోయింది. నిమిషం కూడా లేదు. మా ఆయన ఫోన్ తీయనే లేదు. తర్వాత అడిగితే "ఫోన్ ఉన్న సంగతి యాద్ లేదు" అన్నారు. ఇరవై రెండేళ్ళ షాదీలో ఆయన ఫోన్ మరిచిపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

హంగుల్ గురించి నాలుగు సంగతులు. 20వ శతాబ్దం మొదట్లో ఇవి మూడు నుంచి ఐదు వేల దాకా ఉండేవని అంచనా. 2008 లెక్కల్లో 127. 2023 లెక్కల్లో 289. ఎక్కువ భాగం ఈ దాచీగామ్‌లోనూ దాని చుట్టుపక్కలే. మన మహల్లాలో ఒక మామూలు వలీమాకు వచ్చే మేహ్మాన్లు ఇంతకంటే ఎక్కువ. ఇంత తక్కువ మిగిలిన ఒక మఖ్లూఖ్‌ను నా బిడ్డ కళ్ళారా చూసింది. జంగల్లో ఏముంది అంటే, భాయ్‌జాన్, మొదటి జవాబు ఇదే.

రెండో జవాబు దీన్ గురించి. ఎందుకంటే మన వాళ్ళు అడవిని కాదనేటప్పుడు దీన్‌ను ముందు పెడతారు. ఫుజూల్ ఖర్చు, సైర్ సపాటా, గైర్ వాళ్ళ అలవాటు. సరే, దీన్ దగ్గరే మాట్లాడుకుందాం. మన పాక్ కితాబ్‌లో సూరాల పేర్లు చూడండి. ఆవు, తేనెటీగ, చీమ, సాలెపురుగు, ఏనుగు. భూమ్మీద నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మనలాంటి ఉమ్మత్‌లేనని సూరా అన్‌ఆమ్‌లో ఉంది. భూమ్మీద తిరిగి చూడమనే హుకుం ఎన్ని చోట్ల ఉందో హాఫిజ్ గారిని అడగండి. ఇల్లు, దుకాణం, మస్జిద్, ఫంక్షన్ హాల్. ఈ నాలుగింటి మధ్యే తిరుగు అని ఎక్కడా లేదు.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. హజ్‌కు పోయినవాళ్ళు మన ఇళ్ళల్లో కొదవలేదు. ఇహ్రామ్ కట్టుకున్న హాజీకి నేల మీది వేట హరామ్. కావాలని చంపితే కఫ్ఫారా ఇవ్వాలి. మక్కా హరమ్ హద్దుల్లో ఇహ్రామ్ లేనివాడికి కూడా వేట లేదు, అక్కడి చెట్టు నరకరాదు, జంతువును బెదరగొట్టరాదు. మదీనాను కూడా నబీ కరీం (స) అలాగే హరమ్‌గా ప్రకటించారు. బెదరగొట్టడం అంటే ఏమిటో తాబయీ ఇక్రిమా చెప్పిన వివరణ బుఖారీ షరీఫ్‌లో ఉంది: నీడలో ఉన్న జంతువును లేపి, ఆ చోట్లో నువ్వు కూర్చోవడం. ఇంత నాజూకైన అదబ్ ప్రపంచంలో ఏ పార్క్ గేటు దగ్గర బోర్డు మీదైనా రాసి ఉందా? దాచీగామ్ హరమ్ అని నేనడం లేదు, తౌబా. కానీ గట్టిగా మాట్లాడొద్దని చాచా చెప్పినప్పుడు నాకు అది కొత్తగా అనిపించలేదు. మన ఇంటి మాటే ఎవరో గుర్తు చేసినట్టనిపించింది. మనం ఆ మాటను హజ్ సూట్‌కేసులో పెట్టి తాళం వేశాం. జమ్‌జమ్, ఖజూర్ బయటికి తీశాం, దాన్ని మాత్రం లోపలే వదిలేశాం.

లేకపోతే మనం కాశ్మీర్‌లో చేసేదేంటి? పహల్గామ్‌లో నది ఒడ్డున మన కుటుంబాల దస్తర్‌ఖాన్ లేచాక ఆ చోటు చూడండి. థర్మాకోల్ ప్లేట్లు, కుర్‌కురే ప్యాకెట్లు, పిల్లల డైపర్లు. డైపర్లు! ఆ నీళ్ళతోనే కింద ఎవరో వుజూ చేస్తారు. పారే నది ఒడ్డున ఉన్నా వుజూకు నీళ్ళు వృధా చేయొద్దనే హదీస్ మనం చిన్నప్పుడు మక్తబ్‌లోనే విన్నాం. కోతులకు బిస్కెట్లు విసిరి సవాబ్ అనుకుంటున్నాం. బిస్కెట్ రుచి మరిగిన కోతి రేపు పిల్ల చెయ్యి కొరికితే దాన్ని తరిమేసేదీ మనమే. కాశ్మీర్‌ను జన్నత్ అంటాం, జన్నత్‌లో చెత్త వేస్తామా?

జేఠ్ గారి సవాల్‌లో అసలు బరువంతా ఉన్న మాట వేరే. షరీఫ్ ఘరానా ఆడపిల్లలు.

ఆ రోజు దాచీగామ్‌లో మా పిల్లలు పొడుగు కుర్తా, కింద ట్రాక్ ప్యాంటు, నెత్తిన హిజాబ్, కాళ్ళకు బూట్లు వేసుకున్నారు. ఆ ఫోటో ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మాషాఅల్లాహ్‌లు వచ్చాయి, వాటితో పాటు ఒక వాయిస్ మెసేజ్ కూడా వచ్చింది. ఆడపిల్లలకు బూట్లేంటి, కొండల మీద హయా ఎక్కడుంటుంది అని. ఒంటి నిండా బట్ట ఉంది. పక్కన తల్లి, తండ్రి ఉన్నారు. జొహర్ వేళకు ఆ దగ్వాన్ వాగులో వుజూ చేశాం. వేళ్ళు కొంకర్లు పోయే చల్లదనం. చాచా ఖిబ్లా ఎటో కర్రతో చూపించి తన శాల్వా పరిచాడు. ముసాఫిర్‌లం కదా, ఖసర్, రెండు రకాత్‌లు. నా ఉమర్‌లో అంత ధ్యాసతో చేసిన నమాజ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. హయా ఎక్కడుంటుందని అడిగినాయన షాదీల్లో డీజే పెట్టినప్పుడు ఎక్కడుంటారో నాకు తెలియదు.

కొండల మీద ఆడది. బీబీ హాజిరా (అ) గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరు? పసిబిడ్డ దాహంతో ఏడుస్తుంటే సఫా కొండ ఎక్కి చూసి, దిగి పరుగెత్తి, మర్వా ఎక్కి చూసి, ఏడుసార్లు తిరిగిన తల్లి. ఒంటరిగా. మహ్రమ్ పక్కన లేరు, ఖాఫిలా లేదు. ఆ నడకే సయీ అయింది. అది లేకుండా హజ్ లేదు, ఉమ్రా లేదు. ఇప్పుడు అక్కడ పచ్చ లైట్ల మధ్య ఆడవాళ్ళు మామూలుగా నడిస్తే చాలు, మగవాళ్ళు పరుగెత్తాలి. ఒక ఆడమనిషి పరుగెత్తిన చోట ఇవాళ దునియాలోని మగవాళ్ళంతా పరుగెత్తుతున్నారు. మా జేఠ్ గారు కూడా 2019లో పరుగెత్తి వచ్చారు.

ఇక షరాఫత్. ఈ మాటకు దీన్‌తో సంబంధం లేదు, పైసాతో ఉంది. మా నానీమా బాలానగర్ వైపు గుట్టల్లో సీతాఫలాలు ఏరి గంపలో తెచ్చి అమ్మింది. ఎండాకాలం తునికాకు కోయడానికి తెల్లారకముందే అడవికి పోయేది. ఆమెతో మన ముసల్మాన్ ఆడవాళ్ళే పది మంది ఉండేవారు. ఏ చెట్టు బెరడు దేనికి పనికొస్తుందో, ఎలుగుబంటి ఎదురైతే ఎటు పోవాలో ఆమెకు తెలుసు. అప్పుడు ఎవరూ హయా అడగలేదు, ఆకు కట్టలు ఎన్ని అని మాత్రమే అడిగారు. గరీబ్ ఆడది పొట్టకోసం అడవికి పోతే కష్టజీవి. నాలుగు మెతుకులు తిని చదువుకున్న ఆడపిల్ల అదే అడవికి ఇల్మ్ కోసం పోతానంటే బేషరం. ఇదెక్కడి ఇన్సాఫ్?

దావత్ రోజు జేఠ్ గారు ఆ మాట అన్నప్పుడు మూలన మంచం మీద మా సాస్ అమ్మీజాన్ ఉన్నారు. వినబడదనుకుంటాం ఆమెకు. తస్బీహ్ తిప్పుతూనే "మైఁ భీ జాతీ థీ పత్తా తోడ్నే" అన్నారు. నేనూ పోయేదాన్ని ఆకు కోయడానికి అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఎవరో పెరుగు చట్నీ అడిగారు.

నాతో ఏకీభవించేవాళ్ళకు కూడా ఒక చేదు మాట చెప్పాలి. అడవి అంటే అంతా ఖూబ్‌సూరత్ అనుకోకండి. దాచీగామ్ అంటే పది ఊళ్ళు. 1910 ప్రాంతంలో మహారాజా శ్రీనగర్ నీళ్ళ కోసం ఆ లోయను కాపాడాలని తీర్మానించారు, పనిలో పనిగా అది తన వేటకు కూడా పనికొచ్చింది. అక్కడున్న ఊళ్ళను లేపేశారు. ఆ ఊళ్ళు పోయి పేరు మిగిలింది. నీడలో కూర్చున్నవాళ్ళను లేపడం అంటే అదీ. 1981లో నేషనల్ పార్క్ అయింది. పైన పచ్చిక మైదానాలకు ఎండాకాలం గొర్రెలతో వచ్చే గుజ్జర్, బకర్వాల్‌లు కూడా మన కల్మా చదివేవాళ్ళే. వాళ్ళ మందలు, కుక్కలు వస్తే హంగుల్ పైకి పోలేదు, దూడలను సరిగా పెంచుకోలేదు. ఇది నిజం. కానీ సర్కారీ గొర్రెల పెంపక కేంద్రం కూడా దశాబ్దాల పాటు ఆ అడవి లోపలే నడిచింది. గరీబ్ గొర్రె తింటే నేరం, సర్కార్ గొర్రె తింటే అభివృద్ధి. మన నల్లమలలో చెంచులకూ ఇదే గోడు ఉంది. అందుకే నాకు అక్కడ మనవాళ్ళు కావాలి. అడవినీ మనిషినీ రెండింటినీ ఎరిగిన ఒక ఫారెస్ట్ ఆఫీసర్ తునికాకు కోసిన ఇంటి మనవరాలైతే ఏం నష్టం?

"ఖతరా" అంటారు. దీన్ని నేను కొట్టిపారేయను. మేం వచ్చిన ఆరు నెలలకు, 2025 ఏప్రిల్ 22న, పహల్గామ్ దగ్గర బైసరన్‌లో 26 మందిని కాల్చి చంపారు. సైలానీలను కాపాడబోయి ప్రాణమిచ్చిన గుర్రం నడిపే కుర్రాడు కూడా వాళ్ళలో ఉన్నాడు. ఆ జులైలో సైన్యం ఆ హంతకులను మట్టుబెట్టింది దాచీగామ్ వైపు కొండల్లోనే. ఆ వార్త చూసిన రోజు నాకు వణుకు వచ్చింది. ఆ చాచా ఎలా ఉన్నాడో అని దువా చేశాను. కాబట్టి కళ్ళు మూసుకుని వెళ్ళండి అని ఎవరికీ చెప్పను. ముందు కనుక్కోండి, పర్మిట్ ఇస్తేనే వెళ్ళండి, మూసి ఉంటే గేటు దగ్గర సిపాయితో భాయ్‌చారా మాట్లాడకుండా తిరిగి రండి. కానీ జేఠ్ గారి వాయిస్ మెసేజ్ 2024 అక్టోబర్‌ది. అప్పుడు ఖతరా గురించి ఒక్క ముక్క లేదు, బూట్ల గురించే ఉంది.

ఔను, ఆ వాయిస్ మెసేజ్ పెట్టినాయన మా జేఠ్ గారే. దాచి లాభం లేదు.

కాశ్మీర్ దూరం అనేవాళ్ళకు అమ్రాబాద్ ఉంది. మన్ననూర్ దాకా మన ఊరి నుంచి పొద్దున బయల్దేరితే చాలు. పులుల అడవి, మన పక్క జిల్లాలో ఉంది. శ్రీశైలం డ్యామ్ గేట్లెత్తినప్పుడు ఆ అడవి మధ్యలోంచి ఎన్నిసార్లు పోలేదు మనం? కారు అద్దాలు ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని. పిల్లలు "అబ్బా, ఇక్కడ పులి ఉంటుందా?" అని అడిగితే "చుప్ బైఠో" అని.

భాయ్‌జాన్, మీరు ఇది చదువుతారని నాకు తెలుసు. మీకు ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తారు. నా ఎదురుమాట మాఫ్ చేయండి. దరఖాస్తు ఈ నెలాఖరులోపు వేయాలి. వాళ్ళ అబ్బా సంతకం చేయడానికి సిద్ధమే, కానీ బడేభాయ్ రజామంద్ లేకుండా ఈ ఇంట్లో ఏదీ జరగలేదని పెన్ను పక్కన పెట్టేశారు. కాగితం ఫ్రిజ్ మీద ఉంది. వచ్చే ఇత్వార్ మళ్ళీ రండి, దాల్చా మీకిష్టమైనట్టు సొరకాయ వేసి చేస్తాను. వచ్చేటప్పుడు కళ్ళద్దాలు తెచ్చుకోండి. ఆ బూట్ల ఫోటో అమ్మీజాన్ పెద్దగా ప్రింట్ తీయించి తన మంచం ఎదురుగా పెట్టించుకున్నారు.